పది నుంచి ఒంటిగంట దాకా

మన ఇల్లు, ముందు గది
జూన్ 2

ఒరేయ్ చిన్నోడా,

కొత్త క్వార్టర్స్‌లో కుదురుకున్నారా? మరదలికి అక్కడి నీళ్ళు పడ్డాయా? పాపని బళ్ళో వేశారా? నీకు మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి నా మొహాన కొట్టి ఊరుకుంటావు. అందుకే కాగితం మీద రాస్తున్నా, దీన్నుంచి తప్పించుకోలేవు. అమ్మకి చెవులు వినపడక, ఫోన్ పనికిరాక, హాస్టల్ నుంచి మనిద్దరం వారం వారం ఉత్తరాలు రాసేవాళ్ళం గుర్తుందా? ఆ అలవాటు నాకింకా పోలేదు.

విషయం ఏంటంటే వైఫై. నువ్వు నాలుగేళ్ళ కిందట హాల్లో గోడకి బిగించిన ఆ తెల్ల రూటర్ మూడు వారాలుగా నా ప్రాణం తీస్తోంది. పొద్దున పదయ్యేసరికి తెర మీద నా బొమ్మ ముక్కలు ముక్కలైపోతుంది. నేనిక్కడ చెయ్యి ఎత్తితే అక్కడ వాళ్ళకి సగంలో ఆగిపోయి కనపడుతోందిట. నా పని సంగతి నీకు తెలుసుగా. ఆస్పత్రిలో డాక్టరు నోటితో చెప్పింది వినపడని పేషెంటుకి నేను ఇంట్లోంచే వీడియోలో చేతులతో చెప్పాలి, పేషెంటు చేతులతో చెప్పింది డాక్టరుకి నోటితో చెప్పాలి. ఆ చేతులే కనపడకపోతే నేనక్కడ ఎందుకు, అలంకారానికా?

అమ్మతో మాట్లాడ్డానికి నేర్చుకున్నదానికి జీతం ఇస్తారని నాకు నలభై ఆరో ఏట తెలిసిందిరా. ఆర్నెల్లయింది చేరి. రోజుకి మూడు గంటలు, పది నుంచి ఒంటిగంట దాకా. తలుపేసుకుని ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నేను ఒకరి భార్యని కాదు, ఒకరి తల్లిని కాదు. ఇది పోతే ఈ వయసులో మళ్ళీ నన్నెవరు పిలుస్తారు? మా సూపర్‌వైజర్ మేడం ఇప్పటికే రెండు ఫిర్యాదులు వచ్చాయంది. మూడోది వస్తే పని ఆపేసి విచారణ పెడతారట.

కొత్త రూటర్ కొనెయ్యనా? పాతదాన్నే బాగు చెయ్యచ్చా? మీ బావనడిగితే "ఉన్నది బాగానే ఉందిగా, నీకే తొందర" అంటున్నారు. ఆయనకి మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దునంతా ఇంట్లోనే ఉంటారు. ఆయన ఫోన్లో సినిమా మాత్రం హాయిగా నడుస్తుంది, నాకే ఈ గ్రహచారం.

ఇంటర్నెట్ కంపెనీలో పదేళ్ళుగా చేస్తున్న తమ్ముణ్ణి పెట్టుకుని షాపువాణ్ణి అడగడమేంటని నీకే రాస్తున్నా. నువ్వు ఏది చెప్తే అదే చేస్తాను.

మీ అక్క


కంపెనీ క్వార్టర్స్, మూడో అంతస్తు
జూన్ 9

అక్కా,

నీ ఉత్తరం చూసి మీ మరదలు పడీ పడీ నవ్వింది. వైఫై రావట్లేదని పోస్టులో ఉత్తరం రాసిన మనిషి లోకంలో మా వదినొక్కతే అంది. పాప బళ్ళో చేరింది, మొదటి రోజు నా చొక్కా చింపింది.

రూటర్ మాత్రం మార్చకు. అది గట్టి సరుకు, నేనే ఏరి తెచ్చాను. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు. దోషం గోడలది అయ్యుంటుంది. హాలుకీ నీ గదికీ మధ్య గోడ మందం కదా. రూటర్‌ని కాస్త ఎత్తులో పెట్టి చూడు. ఫ్రిజ్ పక్కన ఉంటే జరుపు. రోజూ పొద్దున ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి. పక్కింటివాళ్ళు కొత్తది పెట్టుకున్నారేమో, దానివల్ల కూడా అడ్డం వస్తుంది. ఇవన్నీ వరసగా చేసుకుంటూ పో, ఏదో ఒకటి పనిచేస్తుంది.

ఇంకోమాట. నీకు భుజం నొప్పి ఉంది. మూడు గంటలు చేతులు గాల్లో ఆడిస్తూ కూర్చోవడం అంత అవసరమా అక్కా? బావ కూడా మొన్న ఫోన్లో అదే బాధపడ్డారు. పనికన్నా ఒళ్ళు ముఖ్యం కదా, ఆలోచించు.

నీ చిన్నోడు


మన ఇల్లు, ముందు గది
జూన్ 16

చిన్నోడా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రూటర్‌ని బీరువా మీద పెట్టాను. కిటికీలో పెట్టాను. బూటు లేసుతో తలుపు మీద వేలాడదీస్తే, లోపలికొస్తూ మీ బావ తల కొట్టుకున్నారు. ఫ్రిజ్‌ని వంటింటి ఆ మూలకి లాగాం. పక్కింటావిణ్ణి వెళ్ళి అడిగాను, "మీరేమన్నా కొత్తది పెట్టారా?" అని. ఆవిడ నేనేదో దొంగతనం అంటగడుతున్నట్టు మొహం పెట్టింది. ఇన్ని వేషాలు వేసినా పదయ్యేసరికి మళ్ళీ అదే తంతు.

విచిత్రం ఏంటంటే ఒంటిగంట దాటిందంటే దానికి ఎక్కడలేని హుషారు వస్తుంది. అద్దంలా కనపడతాను. అప్పుడు నాకు పనుండదు. గోడ మందం ఒంటిగంటకి తగ్గుతుందా? నువ్వే చెప్పాలి.

నవ్వుతూ రాస్తున్నా గానీ నాకు నవ్వు రావట్లేదురా. మంగళవారం మూడోది కూడా అయిపోయింది. ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి, పుట్టు చెవుడు. మర్నాడు పొద్దున ఆపరేషను. ముందు రోజు రాత్రి నుంచీ ఏమీ తినకూడదని డాక్టరు చెప్పమంది. చెప్పాను. ఆయనకి కనపడింది నా చెయ్యి మొదలుపెట్టడం వరకే. మిగతాదంతా ఆగిపోయిన బొమ్మ. ఆయన మర్యాదస్తుడు, అర్థమైనట్టు తల ఊపాడు. మనవాళ్ళు అలాగే ఊపుతారు, అమ్మ ఊపేది కాదూ? పొద్దున్నే కడుపునిండా తినేసి వచ్చాడు. ఆపరేషను ఆపేశారు. రెండు నెలలుగా ఆ తేదీ కోసం నొప్పి ఓర్చుకుంటూ కూర్చున్నాడుట. మళ్ళీ తేదీ ఎప్పుడో తెలియదు.

నన్ను పని ఆపమన్నారు. విచారణ అయ్యేదాకా కుర్చీ ఖాళీ. ఆయన మొహం నా కళ్ళముందు నుంచి పోవట్లేదు. తప్పు నాదే, మొదటిరోజే కొత్త రూటర్ కొని పడేసి ఉండాల్సింది. ఈ వారంలో కొనేస్తాను, ఏది కొనాలో వెంటనే రాయి.

అక్క


కంపెనీ క్వార్టర్స్
జూన్ 21

అక్కా,

కొనకు. తొందరపడకు. వచ్చే నెల రెండో ఆదివారం నేనే వస్తాను, వచ్చి నా చేత్తో చూస్తాను. ఈలోగా షాపువాళ్ళని ఎవర్నీ రానివ్వకు. వాళ్ళు లోపల పేజీ తెరిచారంటే నేను చేసిన సెట్టింగులన్నీ పాడుచేస్తారు.

పెద్దాయన విషయం విని బాధేసింది. కానీ అది నీ తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు. మనసులో పెట్టుకోకు. పని పోతే పోయిందనుకో. బావ సంపాదిస్తున్నారు కదా, నీకేం లోటు?

చిన్నోడు


మన ఇల్లు
జూన్ 26

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేలోపే షాపుకి వెళ్ళొచ్చేశాను. నిన్న కొత్త రూటర్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి, చెయ్యి భలే చురుకు. పాతదాంట్లో ఏమేం ఉన్నాయో చూసి అవే కొత్తదాంట్లో పెడతానని, కింద అంటించిన పాస్‌వర్డ్ చూసి లోపలి పేజీ తెరిచింది. తెరిచి నా మొహం చూసింది. "ఆంటీ, ఈ రూటర్‌కేం రోగం లేదు, మార్చడం దండగ. ఇది మీరే పెట్టుకున్నారా?" అంది.

ఏది అన్నాను. చదివి వినిపించింది.

నేనూ చదివాను. కళ్ళద్దాలు తుడుచుకుని ఇంకోసారి చదివాను. ఒక్క నా కంప్యూటర్‌కే, సోమవారం నుంచి శనివారం దాకా, పది నుంచి ఒంటిగంట వరకు, ఇక్కణ్ణుంచి బయటికి పోయే వేగాన్ని అడుగంటా తగ్గించి పెట్టారు. దానికో పేరు కూడా ఉంది. "అక్క కంప్యూటర్. మే 11. చేసింది నేను. చెప్పింది బావ."

మే 11 ఆదివారం. బదిలీ మీద వెళ్ళే ముందు చెప్పిపోవడానికి వచ్చావు. హాల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే, "పోయే రోజు కూడా మా ఇంటి పనేనా పాపం" అని నీకు రెండుసార్లు కాఫీ ఇచ్చాను.

ఏ పని చేసినా ఎవరు చేశారు, ఎవరు చెయ్యమన్నారు అని రాసిపెట్టడం మీ కంపెనీలో నేర్పిన పద్ధతి అని నువ్వే గొప్పగా చెప్పేవాడివి. అక్క గొంతు కోసేటప్పుడు కూడా పద్ధతి తప్పలేదు, సంతోషం.

ఆ అమ్మాయితో మా తమ్ముడు సరదాకి పెట్టాడని చెప్పాను. నమ్మలేదు. వెళ్ళే ముందు ఆ పేజీని ఫోటో తీసి నాకు పంపింది, నేనడక్కుండానే.

మీ బావని నిలదీశాను. నవ్వాడు. "పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా నా ఇంట్లో నేను పిల్లిలా తిరగాలా? గట్టిగా దగ్గకూడదు, టీవీ పెట్టకూడదు, తలుపు తట్టకూడదు. మానెయ్యమంటే మానవు. చిరాకేసి నువ్వే మానేస్తావనుకున్నా. అయినా నిన్ను కొట్టానా, తిట్టానా?" అన్నాడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేశాను, ఆయన నుంచి నాకింతే వస్తుందని ఎక్కడో తెలుసు. ఏడుపు రాలేదు.

నువ్వెందుకు చేశావో చెప్పు. మిగతావన్నీ తర్వాత.

అక్క


కంపెనీ క్వార్టర్స్
జూలై 1

అక్కా,

నాలుగు కాగితాలు రాసి చింపాను.

బావ అడిగారు. కాదనలేకపోయాను. ఈ ఉద్యోగం ఆయన మాట మీద వచ్చింది. ఆయన మా కంపెనీ స్టోర్స్‌లో ఉండి పెద్దవాళ్ళతో చెప్పకపోతే నేనింకా స్తంభాలెక్కి తీగలు లాగుతూ ఉండేవాణ్ణి. "మీ అక్క భుజం పాడైపోతోందిరా, చెప్తే వినదు, రెండు నెలలు కాస్త నెమ్మది చెయ్యి, తనే విసుగెత్తి మానేస్తుంది" అన్నారు. నీ మంచికే అనుకున్నాను. ఆస్పత్రివాళ్ళకి ఇబ్బంది అవుతుందని తట్టలేదు. నిజంగా తట్టలేదక్కా.

నీ మొదటి ఉత్తరం రాగానే తీసేయాల్సింది. ఇక్కణ్ణుంచి నా ఫోన్లోనే తీసేయొచ్చు, రెండు నిమిషాల పని. బావకి ఫోన్ చేస్తే ఇంకో పదిరోజులు ఆగమన్నారు. పెద్దాయన సంగతి చదివిన రోజు అన్నం సయించలేదు. అప్పుడు తీసేస్తే ఉన్నట్టుండి బాగైందేమిటని నీకు అనుమానం వస్తుందని భయపడ్డాను.

నిన్న తీసేశాను. ఇప్పుడు బాగా వస్తుంది, చూసుకో.

నీ పని పోకుండా ఒక దారి ఆలోచించాను. దీనితోపాటు మా కంపెనీ కాగితం మీద ఒక సర్టిఫికెట్ పంపిస్తున్నా. రూటర్ పాతబడి చెడిపోయిందనీ, కొత్తది అమర్చామనీ రాసి ముద్ర వేశాను. కింద నువ్వు సంతకం చేసి మీ వాళ్ళకివ్వు. రూటర్ మీదకి పోతుంది, ఎవరికీ ఏమీ కాదు. కొత్త రూటర్ కూడా నేనే పంపుతాను, అన్నిటికన్నా మంచిది.

క్షమించమని అడగడానికి మొహం చెల్లట్లేదు.

చిన్నోడు


ఇంటి నంబరు మీకు తెలుసు
జూలై 6

టెక్నీషియన్ గారికి,

మీరు పంపిన సర్టిఫికెట్ అందింది. తిప్పి పంపుతున్నాను.

మా సంస్థ నియమాల కాగితం నాలుగో పేజీలో ఇలా ఉంది. ఇంట్లో సామాను చెడిపోతే చూసుకోవాల్సిన బాధ్యత పనిచేసేవాళ్ళది. చెడిపోయిందని తెలిసి కూడా మార్చకపోతే అది నిర్లక్ష్యం. ఆ మచ్చ రికార్డులో ఉండిపోతుంది, మళ్ళీ తీసుకున్నా మొదటి మెట్టు నుంచే. బయటివాళ్ళు కావాలని చేసినట్టు రుజువైతే మాత్రం మూడు ఫిర్యాదులూ కొట్టేస్తారు. మీరిచ్చిన కాగితం మీద నేను సంతకం పెడితే, ఆ పెద్దాయన ఆపరేషను నా నిర్లక్ష్యం వల్ల ఆగిందని నా చేత్తో నేను ఒప్పుకున్నట్టు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఒకటే. జరిగింది జరిగినట్టు మూడు వాక్యాల్లో రాసి, సంతకం చేసి పంపండి. ఏ తేదీన చేశారు, ఏం చేశారు, ఎవరు చెప్తే చేశారు. అలా రాయడం మీకు బాగా అలవాటే. ఇరవై ఒకటో తేదీన విచారణ. ఈలోగా అందాలి.

కొత్త రూటర్ అక్కర్లేదు. ఉన్నది మంచిదని మీరే రాశారు.

ఇట్లు,
కస్టమర్


కంపెనీ క్వార్టర్స్
జూలై 12

అక్కా,

నన్ను మీరు అంటావా? ఆ ఒక్క మాటకి రెండు రోజులు నిద్రపోలేదు. తిట్టు, వచ్చి చెంప పగలగొట్టు, పడతాను. అలా మాత్రం రాయకు.

నువ్వడిగిన మూడు వాక్యాలు రాయలేనక్కా. మీ ఇంటి లైను కూడా మా కంపెనీదే, ఆర్డరు లేకుండా కస్టమర్ లైను ముట్టుకుంటే ఉద్యోగం తీసేస్తారు, ఇంకే కంపెనీ గడపా తొక్కనివ్వరు. బావ పేరు కూడా వస్తుంది, ఆయనా పోతారు. నీ చేత్తో నీ ఇంటికే నిప్పు పెట్టుకుంటావా? పాప మొన్ననే బళ్ళో చేరింది. మీ మరదలికి ఇంకా ఏమీ తెలియదు.

నీకు పోయేది రోజుకి మూడు గంటల పని. మాకు పోయేది బతుకు. నువ్వు పెద్దదానివి. చిన్నప్పుడు నేనేం పగలగొట్టినా నేనే చేశానని నువ్వు అమ్మ ముందు నిలబడేదానివి. ఇప్పుడు అమ్మే ఉంటే తమ్ముణ్ణి కాపాడమనే చెప్పేది.

సర్టిఫికెట్ మళ్ళీ పంపుతున్నా. దయచేసి సంతకం పెట్టు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చిన్నోడు


మన ఇల్లు, ముందు గది
జూలై 25

తమ్ముడికి,

వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నా.

పద్దెనిమిదో తేదీ దాకా పోస్టు కోసం గేటు దగ్గర నిలబడ్డాను. నీ సర్టిఫికెట్ బల్ల మీదే ఉంది. సంతకం పెడదామనే పెన్ను తీశాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాప మొహం గుర్తొచ్చింది. నీ చొక్కా చింపిందని రాశావు కదా, అది కూడా గుర్తొచ్చింది. పోనీలే, ఇదీ నేనే పగలగొట్టానని చెప్పేద్దాం అనుకున్నాను. తర్వాత మళ్ళీ నీ ఉత్తరం చదివాను. అంత పొడుగు ఉత్తరంలో ఆ పెద్దాయన మాట ఎక్కడా లేదు. బతుకు నీది, బావది, మరదలిది, పాపది. నాదీ, ఆయనదీ మాత్రం రోజుకి మూడు గంటల పని.

అమ్మ పేరెత్తావు. ఎత్తకుండా ఉండాల్సింది. అమ్మకి నోరు నువ్వూ నేనే కదరా. ఆస్పత్రికెళ్తే డాక్టరు నర్సుతో మాట్లాడేవాడు, నర్సు మనతో మాట్లాడేది, అమ్మ మన చేతుల వంక చూస్తూ కూర్చునేది. ఏడేళ్ళ వాడివి, బల్ల ఎక్కి నిలబడి అమ్మకి సూది ఎక్కడ వేస్తారో చెప్పేవాడివి. వినపడనివాళ్ళకి చెయ్యి కనపడకపోతే ఎలా ఉంటుందో ఈ లోకంలో ఎవరికీ తెలియకపోవచ్చు. మీ బావకి తెలియదు, ఆయన్ని వదిలేస్తాను. నీకు తెలుసు. తెలిసి ఆపావు.

ఇరవై ఒకటో తేదీన ఆ అమ్మాయి తీసిన ఫోటో ఇచ్చాను. నీ ఉత్తరాలు ఇవ్వలేదు. ఫోటో చాలన్నారు, మీ కంపెనీతో సరిచూసుకుంటామన్నారు. సరిచూశారు. నిన్న మూడు ఫిర్యాదులూ కొట్టేశామని కాగితం వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నారు. అదే వేళ, అదే జీతం. మేడం అభినందనలు చెప్పింది. ఎవరికో పెళ్ళి కుదిరినట్టు చెప్పింది.

మీ బావ నాలుగు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. అది నాకు శిక్ష అనుకుంటున్నాడు. స్టోర్స్ నుంచి ఆయనకి కూడా పిలుపొచ్చింది. పెట్టె సర్దుకుని వాళ్ళన్నయ్య ఇంటికి పోతానంటున్నాడు, నేను ఆగమనలేదు. రూటర్ పాస్‌వర్డ్ మార్చేశాను. నీ ఫోన్లో ఇక మా ఇల్లు కనపడదు.

సంతోషంగా ఉన్నానా అంటే లేను. నాకు కావలసింది దక్కింది, తినబోతే చేదుగా ఉంది.

నిన్న మీ కంపెనీ నుంచి ఒక ఆఫీసరు ఫోన్ చేశారు. పెద్దమనిషి గొంతు. నా పేరు, ఇంటి నంబరు, తేదీ అన్నీ అడిగి రాసుకున్నారు. ఫోటోలో అక్క అని ఉంది, ఆ అక్క ఎవరండీ అన్నారు. నేనే అన్నాను. "ఈ టెక్నీషియన్ మీకు వరసకి తమ్ముడవుతాడా?" అన్నారు. వరసకి కాదు, తోడబుట్టినవాడు అన్నాను. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు ఆగిపోయింది. "సొంత తమ్ముడేనా అమ్మా?" అని మళ్ళీ అడిగారు, నేనేదో పొరపాటుగా చెప్పినట్టు. మళ్ళీ అవుననే చెప్పాను.

నీ అక్క